పారబోసే ముందు

కాగితాల్లో నా ఉద్యోగం పేరు ఆయా. ముప్పై ఏళ్లకు దగ్గరగా కొండల మీది ఒక సర్కారు ఆసుపత్రిలో, ఒకే వార్డులో చేశాను. బోర్డు మీద దానికి వేరే పేరు ఉండేది. మేమంతా కడుపు వార్డు అనేవాళ్లం. విరేచనాలు, పచ్చకామెర్లు, టైఫాయిడు, కడుపులో పురుగులు, లివరు చెడి పొట్ట ఉబ్బినవాళ్లు, పేగు పుండ్లవాళ్లు, అందరూ అక్కడికే వచ్చేవారు. ఆసుపత్రి పేరు రాయను. అక్కడ ఇప్పటికీ పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు.

కొత్తగా చేరే నర్సింగు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని రిటైరయిన రోజున అడిగారు. నిలబడి మాట్లాడటం నాకు చేతకాలేదు. రాయడం కూడా నాకు నలభై దాటాక వచ్చిన విద్యే. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పు మీలో ఎవరైనా రేపే చేయవచ్చు. ప్రమోషన్ల సంగతి చెప్పడానికి నాకేమీ లేదు. ఆయాగా చేరాను, ఆయాగానే దిగాను.

వాసన రాని వార్డు

డాక్టరు గారు మందు రాస్తారు. సిస్టర్ ఇంజక్షన్ చేస్తుంది. మిగిలిన రోజంతా పేషంటు ఒళ్లు ఆయా చేతుల్లోనే ఉంటుంది. మంచం మీదే విరేచనానికి పాన్ పెట్టడం, కడగడం, దుప్పటి మార్చడం, వాంతి అయ్యాక నోరు పుక్కిలింపజేయడం, కామెర్లవాళ్లు దురదకు ఒళ్లు చీరుకోకుండా గోళ్లు తీయడం, ఉబ్బిన పొట్టవాళ్లను దిండ్లు ఆనించి కూర్చోబెట్టడం. ఇది చిన్న పని అనుకుని ఆయాకు వదిలేసే సిస్టర్లను చాలామందిని చూశాను. మీరు అలా చేయకండి. జబ్బు సంగతి ముందుగా తెలిసేది అక్కడే.

నేను చేరిన కొత్తలో ఒక ముసలి డాక్టరు గారు ఉండేవారు. పాన్ పక్కన గొంతుక్కూర్చుని చీపురుపుల్లతో కదిపి చూసేవారు. పేషంటు సిగ్గుపడి చెప్పనిది ఇది చెబుతుంది లక్కమ్మా అనేవారు. మేం చాటుకు వెళ్లి నవ్వుకునేవాళ్లం. ఆయన వెళ్లాక వచ్చినవాళ్లు గుమ్మంలోంచే అడిగేవారు, మోషన్ ఎలా ఉంది అని. బాగానే ఉంది సార్ అనేదాన్ని. బాగానే అంటే ఏమిటని వాళ్లు అడగలేదు. అడిగి ఉంటే నాకూ తెలియదు.

నా గొప్పంతా చురుకుతనంలో ఉండేది. పాన్ నిండితే మరుక్షణం కాలువలో పోసి, ఫినాయిల్ చల్లి, దుప్పటి మార్చేసేదాన్ని. తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు ఇది కడుపు వార్డులా లేదే అనేవారు. ఇది లక్కమ్మ వార్డండి అనేది రాజేశ్వరి సిస్టర్. ఆమెది బొబ్బిలి వైపు ఊరు. నోరు కటువు. సూది పెట్టే చెయ్యి మాత్రం మెత్తన. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నాకు కడుపు నిండిపోయేది. ఆ గర్వంతో ఎన్ని జబ్బుల్ని చూడకుండా కాలువలో పోశానో ఇప్పుడు చెప్పలేను.

సోమన్న

సోమన్న హుకుంపేట అవతల కొండ ఊరివాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. డోలీలో రోడ్డు దాకా మోసి, అక్కడినుంచి జీపులో తెచ్చారు. జీపు వెళ్లిపోయింది. తల్లి అచ్చెమ్మ ఒక్కతే వాడి దగ్గర ఉండిపోయింది. రొమ్ము కింద మంట, నిలబడితే కళ్లు తిరగడం. డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి మా ముందే చెప్పారు. కడుపులో పుండు ఉన్నట్టుంది, నోటికి ఏమీ ఇవ్వొద్దు. వాంతి అయినా, నల్లగా విరేచనం అయినా వెంటనే చెప్పండి. నెత్తురు పడుతుంటే ఇక్కడ ఉంచకూడదు, విశాఖపట్నం పంపేయాలి.

సిస్టర్ సెలైన్ పెడుతుంటే అచ్చెమ్మ మెల్లగా అంది. "ఆడికి జబ్బు కాదమ్మా. సిల్లంగి పెట్టినారు. మా తోటికోడలింటోల్లు."

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. సిస్టర్ వార్డంతా వినేలా అంది. "చిల్లంగీ లేదు గిల్లంగీ లేదు. మళ్లీ ఆ మాట ఎత్తావంటే బయటికి పంపేస్తాను. వాంతయితే మాత్రం నాకు చెప్పు. తెలిసిందా?"

పక్క మంచం అతను నవ్వాడు. "సిల్లంగికి సెలైనెక్కిస్తన్నారేటి సిస్టరుగోరు?"

నలుగురూ నవ్వారు. అచ్చెమ్మ తల ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత సిస్టర్ ఎన్నిసార్లు అడిగినా ఆమె చెప్పిన జవాబు ఒకటే. "ఏటీ నేదమ్మా."

మధ్యాహ్నం పాన్ కడగడానికి వెనక్కి వెళ్తే, కంచె దగ్గర ఆమె కట్టెపుల్లతో నేల తవ్వుతోంది. పక్కన అడ్డాకు దొన్నె. దాని మీద ఇంకో ఆకు మూత. అదేమిటో నాకు అడగకుండానే తెలుసు. మా ఊళ్లలో రోగి ఒంట్లోంచి వచ్చింది పరాయి చేతిలో పడనివ్వరు. దాన్ని పట్టుకునే చిల్లంగి పెడతారని భయం. కక్కినదాన్ని ఆకుతో మూసి, చూడకుండా, ఎవరూ తొక్కనిచోట కప్పెడతారు. చూస్తే జబ్బు తిరిగి ఒంట్లోకి దారి పడుతుందంటారు. నా చిన్నప్పుడు మా అమ్మ నాకూ అలాగే చేసింది.

"ఏటి సేత్తన్నావు అప్పా?" అన్నాను. మా వైపు అక్కను అప్పా అంటాం.

ఆమె ఉలిక్కిపడి, నా ముంజేతి మీది పచ్చబొట్లు చూసింది. "నువ్వు మన మనిసివేనా?"

"అవును. మాదీ ఆ పక్కే."

"అయితే నీకు తెల్సు. ఆ సిస్టరమ్మకి సెప్పకు సెల్లీ. మల్లీ నవ్వుతారు."

"సెప్పను."

ఆ మాట నేను మంచితనంతోనే అన్నాను. అందరూ నవ్వినచోట నేనొక్కదాన్ని ఆమె పక్షాన ఉన్నానని కూడా అనుకున్నాను.

నేను మూతి తుడవబోతే సోమన్న అన్నాడు. "అప్పా, నోరంతా ఇనప ముక్క నాకినట్టుంది."

"నీల్లు తాగనేదు కదరా, అందుకే."

"బేగి తగ్గితే కాఫీ కోతకి ఎల్లాల. మాయమ్మ ఒక్కర్తీ కోత్తే పల్లన్నీ కోతులు తినీసి పోతాయి."

"ఎల్దువులే. కోతులు నీకోసమే కాసుకుంటన్నాయి," అన్నాను. నవ్వాడు. పళ్ల చిగుళ్లు తెల్లగా ఉన్నాయి. ఇనుము రుచి అంటే నెత్తురు రుచి. చిగుళ్లు తెల్లబడ్డాయంటే ఒంట్లో నెత్తురు తగ్గిపోతోంది. రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను మూతి తుడిచి, దుప్పటి సర్ది, వాసన లేకుండా చేసి వెళ్లాను.

ఆ తరువాత వాన పట్టుకుంది. అచ్చెమ్మ మంచం దగ్గర్నుంచి నన్ను సైగ చేసి పిలిచింది. చేతిలో మళ్లీ దొన్నె.

"వాన పడతంది. ఆడిని ఒగ్గి రానేను. నువ్వే కప్పెట్టు సెల్లీ. సూడకు."

కొంగు కింద పెట్టుకుని బయలుదేరాను. సిస్టర్ బల్ల దగ్గర రాసుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది. "సోమన్నకు ఏమైనా అయిందా లక్కమ్మా?"

"ఏటీ నేదమ్మా."

దొన్నె వెచ్చగా ఉంది. ముందురోజు నుంచీ ఏమీ తినని మనిషి కక్కితే అంత బరువు ఉండకూడదు. ఆ బరువు నా చేతికి తెలిసింది. ఒక్క ఆకు పైకెత్తితే సరిపోయేది. ఎత్తలేదు. కంచె కింద కప్పెట్టి, చేతులు కడుక్కుని, పనిలో పడ్డాను.

లైట్లు వేసే వేళకు సోమన్నకు చల్లని చెమటలు పట్టాయి. పక్కకు తిప్పితే దుప్పటంతా తారు పూసినట్టు నల్లగా ఉంది. సిస్టర్ వాడి నాడి పట్టుకుని, కాళ్ల కింద దిండ్లు పెట్టమని నాకు చెబుతూ, అచ్చెమ్మను అడిగింది.

"ఎన్నిసార్లు వాంతయింది?"

అచ్చెమ్మ ఆమెను చూడలేదు. నన్ను చూసింది.

"మూడు," అన్నాను నేను. మూడోది ఆమె కొంగు చాటున ఉండటం అప్పుడే చూశాను.

"నీకెలా తెలుసు?"

"ఒకటి నానే కప్పెట్టినానమ్మా."

"రంగు?"

"సూడనేదు."

డాక్టరు గారు ఆంబులెన్సుకు ఫోన్ చేస్తుంటే సిస్టర్ నన్ను మణికట్టు పట్టుకుని కంచె దగ్గరికి తీసుకుపోయింది. వానలోనే తవ్వాను. ఆమె ఆకు తీసింది. లోపల తడిసిన బొగ్గుపొడిలాంటిది, మధ్యలో ముద్దలు ముద్దలుగా నెత్తురు. "ఇది ఆ వేళకే చూసి ఉంటే," అని ఆపేసింది. మిగతా మాట నాకు వదిలేసింది.

ఘాటు రోడ్డు దిగకముందే సోమన్న పోయాడు. ఆంబులెన్సులో వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్న సిస్టరే వచ్చి చెప్పింది. మర్నాడు మంచం ఖాళీ చేస్తుంటే వాడి చొక్కా జేబులో న్యూస్ పేపర్ ముక్కలో చుట్టిన బిళ్లలు దొరికాయి. కాఫీ మూటలు మోసి నడుం పట్టేస్తే సంతలో కొనుక్కున్న నొప్పి బిళ్లలు. ఖాళీ కడుపున రోజూ మింగాడు, పుండు పడింది వాటివల్లే. చేరేటప్పుడు డాక్టరు గారు మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదన్నాడు. వాడి లెక్కలో అవి మందులు కావు, పనికి వెళ్లడానికి మింగేవి. అప్పటినుంచి వార్డుకు ఎవరొచ్చినా చొక్కా జేబు, చీర కొంగు ముడి చూడకుండా నేను మంచం ఎక్కించలేదు.

ముందే పంపి ఉంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ ఘాటు రోడ్డు మీద అన్నీ అందుబాటులో ఉన్నవాళ్లూ పోయారు. బతకడానికి వాడికి దొరికిన సమయం మాత్రం నా కొంగు కిందనుంచే బయటికి పోయింది.

మొదట నేర్చుకున్న మాట

సిస్టర్ నా మీద రిపోర్టు రాయలేదు. దయ అనుకున్నాను. కాదు. ఆమె అన్న మాట ఇది. "నిన్ను పంపేస్తే ఇంకో ఆయా వస్తుంది. ఆమె కూడా చూడదు. నువ్వయితే ఇక చూస్తావు."

ఆపైన అంది. "చూడటం చాలదు. చూసింది నువ్వే చార్టులో రాయాలి. నేను డ్యూటీ దిగిపోయాక నీ నోట్లో ఉన్నది ఎవరికి పనికొస్తుంది?"

"నాకు రాదు కదమ్మా."

"నేర్చుకో."

మందుల అట్టపెట్టెలు చింపి, వాటి మీద రాయించింది. అ ఆలు కాదు. మొదటి మాట నలుపు. తరువాత ఎరుపు, పసుపు, తెలుపు. ముసిల్ది బడికెల్తంది అని పేషంట్లు వేళాకోళం చేసేవారు. వేళ్లు ముడుచుకుపోయి పెన్ను నిలిచేది కాదు. నలుపు సరిగ్గా రాయడానికి ఎన్ని అట్టలు చింపానో. ఆ మాట రాసిన ప్రతిసారీ తారు పూసిన దుప్పటి కనిపించేది. ఎప్పటికైనా పోతుందనుకున్నాను. పోలేదు.

మీకు పనికొచ్చేవి చెబుతాను. ఐరన్ బిళ్లలు మింగినా విరేచనం నల్లగానే అవుతుంది. తారులా జిగటగా ఉండి, కంపు వేరుగా ఉంటే అది నెత్తురు. కామెర్లవాళ్లకు సున్నంలా తెల్లగా అయితే పైత్యం దారి మూసుకుపోయిందని. బియ్యం కడిగిన కలి నీళ్లలా ధారగా పోతుంటే ఇక రంగు చూస్తూ కూర్చోకండి, పోయినంత నీరు లోపలికి పోయాలి. ఇంకొకటి. పుస్తకంలో ఉందని కాఫీ పొడిలాంటి వాంతా అని మా వాళ్లను అడగకండి. కాఫీ పండిస్తారు, పళ్లు కోసి అమ్మేస్తారు. పొడి చూసినవాళ్లు తక్కువ. తడిసిన బొగ్గుపొడి అనండి. వెంటనే చెబుతారు.

రాజేశ్వరి సిస్టర్ బదిలీ అయి వెళ్లే రోజున, ఏళ్లుగా నాలో ఉన్న మాట అనేశాను. "ఆ దినం అందరి ముందూ ఆయమ్మని నవ్వులపాలు సేసినారమ్మా. అందుకే దాసింది."

ఆమె సంచి సర్దుకోవడం ఆపింది. "తెలుసు," అంది. "ఆంబులెన్సులోనే తెలిసింది."

ఆమె నాకు అక్షరం పెట్టిన మనిషి. అయినా రాస్తున్నాను. అచ్చెమ్మ అబద్ధాలకోరు కాదు. ఆమె నోరు సిస్టర్ మూసింది, మూసిన నోటికి నేను కాపలా కాశాను.

గొయ్యి

నమ్మకాన్ని తిట్టి తీసేయలేమని నాకు అప్పుడు తెలిసింది. వార్డు వెనక కంచె దగ్గర ఒక గొయ్యి తీయించాను. దాచేవాళ్లు ఎవరో నాకు చూడగానే తెలిసేది. వాళ్ల చెవిలో చెప్పేదాన్ని. "నాకు ఒక్కదానికే సూపించండి. సూసి, నానే ఆకు మూసి, నా సేత్తోనే కప్పెడతాను. ఇంకెవులి సేతిలోనూ పడదు."

చూడటం తప్పు కదా అనేవారు. సూసిన పాపం నాకు తగులుతుందిలే, మీకు కాదు అనేదాన్ని. చాలామంది ఒప్పుకున్నారు. తరువాత వచ్చిన సిస్టర్ ఇదంతా మూఢనమ్మకానికి కొమ్ముకాయడం అంది. గోతిలో రోజూ బ్లీచింగ్ వేస్తాను, ఎవరికీ చెప్పకండి అంటే ఊరుకుంది. ఆ గొయ్యి వల్ల కొందరు వేళకు ఘాటు దిగారు. దిగినవాళ్లందరూ తిరిగి రాలేదు. అంతకంటే మంచి మాట చెప్పాలని ఉంది గానీ, లేదు.

అచ్చెమ్మ

నా ఉద్యోగం ఆఖరి వానాకాలంలో కేసు షీటు మీద ఒక పేరు చదివాను. అచ్చెమ్మ. ఊరు కూడా చదివి మంచం దగ్గరికి వెళ్లాను. కడుపులో గడ్డ. విశాఖపట్నంలో చూసి, చేసేదేమీ లేదని వెనక్కి పంపేశారు. ఎముకల మీద చర్మం మిగిలింది. నేను పలకరించకముందే నన్ను గుర్తుపట్టింది.

చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పింది. "ఈ సెల్లి నా కొడుకు గుట్టు కాపాడినాది. అందరూ నవ్వితే ఇదొక్కర్తే నవ్వనేదు."

నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. నేను దుప్పటి సర్దాను. నాలుగు రోజులు అలాగే. ఒళ్లు తుడిచినా, నోరు కడిగినా, అదే మాట. చనిపోబోయే మనిషికి నిజం చెప్పి ఏం లాభమని ఒక మనసు. చెప్పకపోతే ఆమె దీవెన దొంగతనంగా తిన్నట్టే అని ఇంకో మనసు. దొన్నెలు మాత్రం నాకు దొరకనివ్వలేదు. చిన్న కొడుకు పెళ్లాం, ఆమె కోడలు, పట్టుకెళ్లి కప్పెట్టేది.

అయిదో రోజు మధ్యాహ్నం కోడలు లేదు. అచ్చెమ్మ మూసిన దొన్నె నా వైపు జరిపింది. "నువ్వే కప్పెట్టు సెల్లీ. అప్పట్లాగ."

మంచం పక్కన కూర్చుని మూత తీశాను.

"సూడకు."

"సూడాల అప్పా."

చూశాను. జేబులోంచి పెన్ను తీసి చార్టులో రాశాను. ఆమె నా చేతినే చూస్తోంది.

"ఏటి రాసినావు?"

"నలుపు."

పైన రేకుల మీద వాన మొదలై ఆగింది.

"సోమన్నది?"

"అదీ నలుపే."

"ఆ దినం సూసినావా?"

"నేదు. కొంగు కింద పెట్టుకుని ఎల్లిపోనాను. సూసుంటే బేగి పంపుదురు."

"బతుకునా?"

"తెల్దు అప్పా. పంపుదురు. అంతవరకే తెల్సు."

ఆమె గోడ వైపు తిరిగిపోయింది. నేను దొన్నె మూసి, గోతిలో కప్పెట్టి వచ్చాను. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నా చేతి నీళ్లు ముట్టలేదు. ఇంకో ఆయా తాగించింది. నేను దూరంగా మిగతా మంచాల పని చూసుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం డోకిన చప్పుడు వినిపించింది. కోడలు పక్కనే ఉంది, లేవబోయింది. అచ్చెమ్మ ఆమెను చేత్తో ఆపి, నన్ను పిలిచింది. దగ్గరికి వెళ్తే, రెండు చేతులతో దొన్నె చాచి పట్టుకుంది.

దాని మీద ఆకు లేదు.

"సూడు," అంది.